నొప్పి లేని బిళ్ల

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మెడలో బిళ్ల కట్టిందంటే పెద్దవాళ్లు ముందు అడిగేది "నొప్పుందా?" అని. లేదంటే "అదే పోతాదిలే" అని ఊరుకుంటారు. మోసం అక్కడే జరుగుతోంది. గొంతు పుండుకో, పుచ్చిన పంటికో కట్టిన బిళ్ల నొక్కితే నొప్పెడుతుంది, రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్, లింఫోమాలో చాలామందికి బిళ్ల నొప్పే పెట్టదు. రబ్బరు ముక్కలా చేతికి తగులుతుంది. తగ్గదు, పెరుగుతుంది. మెడ అడుగున, భుజం వైపు సాగే ఎముక పైగుంటలో తగిలితే ఎంత చిన్నదైనా వెంటనే చూపించుకోవాలి. హైదరాబాద్, చెన్నై పనులకు, వేరావల్ చేపల బోట్లకు వెళ్లే మన కుర్రాళ్లకు ఊరికో డాక్టరు. బిళ్ల పెరుగుతున్న సంగతి ఒక్కరి కంటా పడదు.

జ్వరం విడవకపోవడం, రాత్రి పక్క తడిసేంత చెమట, 6 నెలల్లో ఒంటి బరువులో పదోవంతు తగ్గడం కూడా లింఫోమా గుర్తులే. చిక్కేమిటంటే క్షయకూ ఇవే గుర్తులు. మన దేశంలో మెడ బిళ్లలకు క్షయ పెద్ద కారణం కనుక డాక్టరు ముందు దాన్ని అనుమానించడం న్యాయమే. రుజువు లేకుండా 6 నెలల క్షయ మందులు మొదలుపెట్టడం మాత్రం న్యాయం కాదు. లింఫోమా అయితే ఆ నెలలన్నీ రోగం ఖాతాలోకే పోతాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇంకా ప్రమాదం. బిళ్లను కొన్నాళ్లు కరిగించి, రోగాన్ని పరీక్షకు చిక్కకుండా చేస్తుంది.

సూదితో తీసిన పరీక్షలో లింఫోమా తప్పిపోవచ్చు. వీలైతే గ్రంథిని మొత్తంగా తీసి బయాప్సీకి పంపాలి. ఇక్కడే "కత్తి పెడితే పాకుతాది" అని ఇంటిల్లిపాదీ అడ్డం పడతారు. లింఫోమా బయాప్సీ వల్ల పాకదు. ఆలస్యమే దాన్ని పెంచుతుంది. 1832లో డాక్టర్ థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన రకం లింఫోమా యువతలో ఎక్కువ కనిపిస్తుంది. తొందరగా పట్టుకుంటే అత్యధికులకు పూర్తిగా నయమవుతుంది. చికిత్సకు విశాఖలో ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. 2007లో ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ మొదలైన తొలి జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. దాని నేటి రూపమైన ఎన్టీఆర్ వైద్య సేవలోనూ క్యాన్సర్ చికిత్స ఉంది.

మూడు వారాలు దాటినా తగ్గని బిళ్ల ఉంటే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరుకో, సర్జన్‌కో చూపించండి. "బయాప్సీ అవసరమా?" అని నోరు తెరిచి అడగండి.

వైద్య ఆరోగ్య శాఖకు ఒక విన్నపం. క్యాన్సర్ పరీక్షల్లో ఇప్పుడు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తున్నారు. అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే, మన తీరప్రాంత స్త్రీలకు నోటి క్యాన్సర్ వస్తే అదీ పాకేది మెడ గ్రంథులకే. నోరు చూసిన చేత్తోనే మెడకు ఇరుపక్కలా రెండు వేళ్లు ఆనించి తడమడం ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నేర్పండి. దానికి యంత్రం అక్కర్లేదు, నిమిషం చాలు.