లండన్‌లో పదకొండున్నర, హబ్సిగూడలో నాలుగు



లండన్ నుంచి వచ్చి పది రోజులైంది. హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8లో చాయ్ తాగుదామని నిలబడితే చాలు, ఎవడో ఒక తమ్ముడు అడుగుతుండు: "అన్నా, నైట్ లైఫ్ ఎట్లుంది?" దాచుకునేదేముంది, బాగుంది. నాకు బాగా ఇష్టమైన ఊరు అది. 2012లో చదువుకోడానికి పోయి ఏడాది ఉన్న. ఈసారి ఒక సభకు పిలిస్తే వారం రోజులు ఉండొచ్చిన. అప్పట్ల అర్ధరాత్రి దాటితే ట్యూబ్ రైలు ఉండకపోయేది. నైట్ బస్సు ఎక్కి, పై అంతస్తు ముందు సీట్ల కూర్చొని, తెల్లారేదాక ఊరు చూస్తూ తిరిగేటోణ్ణి. 2016 నుంచి శుక్ర, శనివారాల రాత్రంతా కొన్ని లైన్లల్ల రైళ్లు నడుస్తున్నయి. ఇప్పుడు ఆ ఊరికి నిద్ర అక్కర్లేదు.

ఎందుకు ఇష్టమో కూడా చెప్పాలె. బీరు కోసం కాదు. పబ్‌లో పక్కన కూర్చున్నోడు వాన గురించి మాట్లాడుతడు, ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతడు, ఇంటిపేరు అడగడు. ఉప్పల్‌ల, నాచారంల కిరాయి రూము కోసం అమ్మ వెనక తిరిగి, "ఏం తింటరు? ఏమైతరు?" అనే ప్రశ్నలకు చిన్నప్పుడే అబద్ధాలు నేర్చుకున్నోనికి అది ఎంత పెద్ద సుఖమో, ఆ ప్రశ్న ఎన్నడూ ఎదురుకానోళ్లకు తెల్వదు.

శుక్రవారం రాత్రి కామ్డెన్ పోయిన. సంగీతం, తాగుడు, రోడ్డు మీదనే డ్యాన్సులు, ఊరంతా అక్కడే ఉన్నట్టుంటది. అక్కణ్ణుంచి కాలినడకన పోయేంత దూరంలోనే, ప్రిమ్‌రోజ్ హిల్ పక్కన, 10 కింగ్ హెన్రీస్ రోడ్ ఉంది. బాబాసాహెబ్ 1921–22లో ఉన్న ఇల్లు. నేను చదువుకునేటప్పుడు అది ప్రైవేటు ఇల్లు. బయట నిలబడి ఫలకానికి దండం పెట్టి వచ్చేటోళ్లం. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది, మ్యూజియం అయింది. ఆ తర్వాత వచ్చింది అసలు తమాషా. అనుమతి లేకుండ నివాసాన్ని మ్యూజియం చేసిన్రని లొల్లి అయింది. సందర్శకులతోని సప్పుడు, ఇబ్బంది అని ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పిన్రు. కామ్డెన్ కౌన్సిల్ 2018లో అనుమతి నిరాకరించింది. అప్పీలుకు పోయి, విచారణ జరిగి, 2020 మార్చిల గానీ దారి దొరకలేదు. పక్క బజార్ల రాత్రంతా డ్రమ్ములు మోగే ఊర్ల, ఒక పుస్తకాల మనిషి ఇల్లు చూడవచ్చేటోళ్ల సప్పుడు ఎక్కువైందట!

లండన్‌ల బాబాసాహెబ్ నైట్ లైఫ్ ఎట్లుండెనో ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్రల ఉంది. పగలంతా లైబ్రరీ, రాత్రి పదింటికి ఆకలైతే కాసిన్ని పాపడాలు, కప్పు పాలు, మళ్లీ పుస్తకం. 1916లో మొదటిసారి పోయిన్రు, స్కాలర్‌షిప్ గడువు తీరి మధ్యలో రావాల్సొచ్చింది. 1917లో బరోడాలో ఉద్యోగానికి పోతే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీ పేరు చెప్పుకొని పార్శీల సత్రంల దాక్కుంటే, కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిన్రు. 1920లో మళ్లీ లండన్. అంటే కొలంబియాలో చదివొచ్చిన మనిషికి బరోడా ఇయ్యని గది లండన్ ఇచ్చింది. ఆ గది విలువ ముందు ఆ పాపడాల ఆకలి ఎంత?

ఇక్కడిదాక వింటే లండన్ అంటే విముక్తి అనిపిస్తది. ఇరవై రెండేళ్ల వయసుల నాకూ అనిపించింది. ఈస్ట్ హామ్ పోయేదాక.

ఈస్ట్ హామ్‌ల మన తెలుగు పిల్లలు మస్తుంటరు. దోశ దొరుకుతది, బిర్యానీ దొరుకుతది. అక్కడ ఒక ఇంట్ల రూము షేరింగ్‌కు అడిగిన. మంచిగనే మాట్లాడిన్రు. వంట వంతులు, కరెంటు బిల్లు, అన్నీ అయినయి. చివరికి ఒకాయన నవ్వుకుంట, "ఇంతకీ మీరేంట్లు బ్రదర్?" అన్నడు. ఏడు వేల కిలోమీటర్లు దాటి వచ్చింది ఆ ప్రశ్న. దాచలేదు, చెప్పిన. రెండు రోజులాగి రూము నిండిపోయిందని మెసేజ్. ఈసారి సభ అయినంక ఒక చెల్లె నా పక్కకొచ్చి కూర్చొని చెప్పిన కథ కూడా అదే. ఊరు మారింది, రైళ్లు మారినయి, ఆ వాక్యం మాత్రం అట్లనే ఉంది. మనల్ని ఏమీ అడగని ఊర్ల మనోళ్లే అడుగుతరు.

దీనికి అక్కడ చట్టం ఉందా అని మీరు అడగాలె. 2013 ఏప్రిల్‌ల, నేను అక్కడున్నప్పుడే, సమానత్వ చట్టంల కులాన్ని చేర్చాలని బ్రిటన్ పార్లమెంటు నిర్ణయించింది. పండుగ చేసుకున్నం. అయిదేళ్లు నాన్చి, 2018 జూలైల ప్రభుత్వం వెనక్కి తగ్గింది, కోర్టు తీర్పులే చాలన్నది. ఆ తీర్పుల వెనక ఎవరున్నరో తెలుసా? పెర్మిలా తిర్కీ అనే బీహార్ ఆదివాసీ మహిళ. భారతీయుల ఇంట్ల పనిమనిషిగ తీసుకుపోయి, రోజుకు 18 గంటలు చాకిరీ చేయించి, నేల మీద పండబెట్టిన్రు. కులం కూడా జాతి మూలంల భాగం కావొచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ ఆమె కేసులనే చెప్పింది. 2015లో ఆమెకు దాదాపు 1,84,000 పౌండ్ల జీతం బాకీ కట్టాలని తీర్పొచ్చింది. ఒక దేశం చట్టం రాయకుండ తప్పించుకుంటే, ఆ భారం ఒక పనిమనిషి మోసింది. ప్రతి బాధితురాలూ కోర్టుకెక్కితేనే న్యాయం అంటే, అది ఎంతమందితోని అయితది?

ఇటు మన ప్రభుత్వం సంగతి. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదవాలె. 2022లో మార్చిన నిబంధనల ప్రకారం భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనకు ఆ డబ్బు రాదు. 1916లో కొలంబియాలో కులాల పుట్టుక మీద వ్యాసం చదివిన విద్యార్థి బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద పోయినవాడే. ఈనాడైతే ఆ దరఖాస్తు మొదటి టేబుల్ కాడనే ఆగుతది. పో, చదువుకో, డాలర్లు సంపాదించుకో, వెనక్కి తిరిగి ఇంటివైపు మాత్రం చూడకు అని దానర్థం. ఈస్ట్ హామ్‌ల నన్నడిగిన ప్రశ్న మీద నేనే పరిశోధన చేస్తనంటే నాకు పైసా రాదు. విదేశం పోవద్దని నేననను, పోవాలె. ఈ షరతుకు తల ఊపి మాత్రం పోవద్దు.

ఆ శుక్రవారం రాత్రి కామ్డెన్‌ల, పబ్ బయట నిలబడి ఉంటే అమ్మ ఫోన్ చేసింది. అక్కడ పదకొండున్నర, ఇక్కడ తెల్లారుజామున నాలుగు. రోడ్లు ఊడ్వడానికి బయల్దేరే టైము. మెట్రో పిల్లర్ల కింద నడుస్తున్నట్టుంది, కుక్కలు మొరుగుతున్నయి.

"ఇంకా పండుకోలేదా బిడ్డా? ఏం సప్పుడది?"

పాటలు అని చెప్పిన. పొద్దున ఎల్‌ఎస్‌ఈ పోయొచ్చిన ముచ్చట కూడా చెప్పిన. బాబాసాహెబ్ చదివిన కాలేజీ అని ఆమెకు తెలుసు. 2017లో అక్కడ ఊడ్చి, కడిగేటోళ్లు సమ్మె చేసిన సంగతి తెల్వదు. ఎక్కువమంది బయటి దేశాల నుంచి వచ్చిన నల్లజాతి, లాటిన్ అమెరికా మనుషులు. కాంట్రాక్టరు కింద పని. కాలేజీ సొంత ఉద్యోగులకున్న సిక్ లీవు, సెలవులు, పెన్షన్ వీళ్లకు లేవు. ఆ వసంతమంతా చీపుర్లు పక్కన పెట్టి గేటు ముందు నిలబడ్డరు, విద్యార్థులు పక్కన నిలబడ్డరు. జూన్‌ల కాలేజీ ఒప్పుకుంది, కాంట్రాక్టరును తీసేసి తనే పనిలకు తీసుకుంటనన్నది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. చీపురు కట్ట భుజం మార్చుకున్నట్టుంది.

"అంటే వాళ్లను పర్మినెంటు చేసిన్రా?"

చేసిన్రమ్మా అన్న.

"ఎన్ని దినాలు చేసిన్రట సమ్మె? అందరు కలిసే చేసిన్రా, కొందరేనా?" అన్నది. చెప్పబోతుంటే, హాజరు టైమైతుంది, పగటికి మళ్ల జేస్త, అంతా వివరంగ చెప్పాలె, పక్కన లక్ష్మమ్మ కూడ వింటదట అని ఫోన్ పెట్టేసింది.