ఆ 30 రూపాయలు ఎవరివి?

కోటబొమ్మాళి నా పుట్టిల్లు. కొత్తమ్మతల్లి జాతరంటే ఎక్కడున్నా మూటాముల్లె సర్దుకుని వచ్చి వాలిపోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈసారి వెళ్లొచ్చాక మాత్రం జాతర సందడి కంటే పక్కింటి వదిన ముఖమే ఎక్కువ గుర్తుండిపోయింది.

వదిన భర్త టెక్కలి దగ్గర గ్రానైటు రాళ్లు పాలిష్ చేసే ఓ యూనిట్లో పని చేస్తాడు. కొడుకు విశాఖలో ఉండి చదువుకుంటున్నాడు. కూతురు ఇంటర్ మంచి మార్కులతో పాసయింది. విజయనగరంలో ఇంజనీరింగ్ సీటు కూడా వచ్చింది. కానీ ఇంట్లో ఆ సంతోషం లేదు. "ఇద్దర్నీ సదివించలేమమ్మా. గుంటకి సంబంధాలు సూత్తన్నాం" అంది వదిన, చేటలో బియ్యం ఏరుతూనే. తలెత్తి నా వైపు చూడలేదు. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆ పిల్లా ఏమీ అనలేదు.

ఆదాయ ధృవీకరణ పత్రం కోసమని వదిన ట్రంకుపెట్టె తెరిచి కాగితాలన్నీ నా ముందు పోసింది. రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, ఓ రబ్బరుబ్యాండు చుట్టి భర్త జీతం చీటీలు. ఊరికే తిరగేస్తుంటే డిసెంబరు చీటీలో ఒక కోత కనబడింది. పీఎఫ్, ఈఎస్ఐ కింద 'ఎల్.డబ్ల్యూ.ఎఫ్.' అని రాసి, ఎదురుగా 30 రూపాయలు.

"ఇదేంటి వదినా?" అన్నాను.

"ఏటోనమ్మా, ఏటా ఓపాలి కోత్తారు. మీ అన్నయ్యని అడిగితే, ఎవులకి తెలుసన్నాడు. ముప్పయ్యే గదా అని ఊరుకున్నాం."

ముప్పయ్యే గదా! మన ఇళ్లల్లో ఎన్ని హక్కులు ఈ 'గదా' దగ్గర ఆగిపోతున్నాయో!

ఆ కోత పేరు కార్మిక సంక్షేమ నిధి. దానికోసం మన రాష్ట్రంలో 1987లోనే చట్టం వచ్చింది. సాధారణంగా 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలన్నీ దీని కిందికి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి ఒకసారి ఒక్కో కార్మికుడి జీతంలోంచి 30 రూపాయలు మినహాయిస్తారు. దానికి యజమాని తన జేబులోంచి 70 రూపాయలు కలపాలి. అలా మనిషికి 100 రూపాయల చొప్పున లెక్కగట్టి, జనవరి 31 లోగా సంక్షేమ మండలికి జమ చేయాలి. ఆ నిధితో మండలి చేసే పనుల్లో కార్మికుల పిల్లలకి పై చదువులకోసం మార్కుల ఆధారంగా ఉపకార వేతనాలివ్వడం ఒకటి.

ఇలాంటి నిధి మన దగ్గరే మొదలైంది కాదు. బొంబాయి రాష్ట్రంలో 1953లోనే కార్మిక సంక్షేమ నిధి చట్టం చేశారు. కార్మికులు తలా కాస్తా వేస్తే, ఆ మొత్తం మళ్లీ కార్మికుల ఇళ్లకే ఏదో ఒక రూపంలో చేరాలన్నది అందులోని ఆలోచన.

30 రూపాయలంటే రోజుకి 10 పైసలు కూడా కాదు. కానీ 200 మంది పనిచేసే చోట కార్మికుల వాటాయే 6,000 రూపాయలవుతుంది. యజమాని వాటాతో కలిపితే 20,000. అలాంటి సంస్థలు జిల్లా జిల్లాకీ ఎన్నో ఉన్నాయి. తన పిల్లలు కాలేజీ గడప తొక్కని కార్మికుడు కూడా ఆ డబ్బు వేస్తున్నాడు. అంటే ఎవరో ముక్కూముఖం తెలియని మేస్త్రీ, వాచ్‌మన్, ప్యాకింగ్ చేసే అమ్మాయి కలిసి మీ పిల్లని చదివిస్తున్నారన్న మాట. మీ డబ్బు ఇంకొకరి పిల్లకి వెళుతోంది. ఇందులో దానం లేదు. ఎవరి దయా లేదు. కట్టినవాళ్లు అడిగి తీసుకోవలసిన డబ్బు ఇది.

మరి ఎందుకు అడగడం లేదు? తెలియక.

మా నాన్న ఓ మిల్లులో పని చేసేవారు. పిల్లల చదువు సాయానికి దరఖాస్తులు ఇస్తారన్న కాగితం మిల్లులో నోటీసుబోర్డు మీద అంటించేవారట. నాన్నకి సంతకం పెట్టడం వచ్చు, చదవడం అంతగా రాదు. పక్కనున్నవాళ్లు చెబితే తెలియాలి. ఆయనకి తెలిసేసరికి గడువు దాటిపోయింది. మా ఇంట్లో చదవడం వచ్చిన మనిషి అమ్మ. కానీ మిల్లు గేటు దాటి లోపలికి వెళ్లే పని అమ్మకి ఎప్పుడూ పడలేదు. ఆ ఏడు నేను కాలేజీ మానేసి ఇంట్లో కూర్చున్నాను. తర్వాత ప్రైవేటుగా కట్టి డిగ్రీ పూర్తి చేశాననుకోండి. కానీ ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది.

నోటీసు ఫ్యాక్టరీ లోపల ఉంటుంది. పిల్ల ఫీజు గురించి రాత్రిళ్లు నిద్రపట్టని తల్లి బయట ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య దూరం తగ్గించాలంటే జీతం చీటీ ఇంటికి రావాలి, దాన్ని మనం చదవాలి. చేతికొచ్చిన జీతం ఎంతో చాలామందికి తెలుసు. ఎక్కడెక్కడ ఎంత కోశారో, అది ఎందుకో ఎంతమందికి తెలుసు?

"ప్రభుత్వం ఫీజులిస్తోంది కదా, మళ్లీ ఇదెందుకు?" అని కొందరంటారు. ఫీజు కడితే చదువు అయిపోతుందా? హాస్టలుకీ, బస్సుకీ, పుస్తకాలకీ, పరీక్ష ఫీజుకీ డబ్బెక్కడిది? సరిగ్గా ఈ చిల్లర ఖర్చుల దగ్గరే ఆడపిల్ల చదువు ఆగిపోతుంది. మగపిల్లాడికైతే అప్పు చేస్తాం. ఆడపిల్లకైతే సంబంధం చూస్తాం. ఈ ఉపకార వేతనంతో ఖర్చంతా గడిచిపోతుందని నేననను. కానీ తక్కెడ 'మానిపిద్దాం' వైపు వాలుతున్న ఇంట్లో, కాస్త బరువు ఇటువైపు వేయడానికి అదైనా పనికొస్తుంది.

మనం రూపాయి రూపాయి వేసి పిల్లల్ని చదివించుకోవడం కొత్తేమీ కాదు. 2009లో వచ్చిన అభయహస్తం పథకం గుర్తుందా? డ్వాక్రా అక్కచెల్లెళ్లు రోజుకో రూపాయి కట్టేవారు. ప్రభుత్వం ఇంకో రూపాయి కలిపేది. పెద్ద వయసులో పింఛనుకోసం పెట్టిన పథకమే అయినా, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకి ఏడాదికి 1,200 రూపాయల ఉపకార వేతనం కూడా అందులో ఉండేది. ఆ పథకం ఇప్పుడు లేకపోయినా, ఆ లెక్కలు రాసుకున్న చేతులు మనవే. సంఘం పుస్తకంలో పైసా తేడా వస్తే పట్టేసేవాళ్లం భర్త జీతం చీటీ చదవలేమా?

కేంద్ర కార్మిక శాఖ మరో దారి చూపింది. బీడీ కార్మికుల పిల్లలకీ, ఇనుము, మాంగనీసు వంటి కొన్ని రకాల గనుల కార్మికుల పిల్లలకీ తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల దాకా ఉపకార వేతనాలిస్తూ వచ్చింది. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులున్నాయి. ఆ వైపు ఆడపడుచులు ఈ సంగతి తప్పకుండా కనుక్కోవాలి.

ఇక్కడ ఒక లోటు కూడా చెప్పుకోవాలి. నలుగురైదుగురితో నడిచే దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఈ 1987 చట్టం కిందికి రారు. 20 మందికి మించి ఉన్నా, పుస్తకాల్లో తక్కువ మందినే చూపించే చోట్లు లేకపోలేదు. పేరు రాయకపోతే కోతా ఉండదు, వేతనమూ ఉండదు. 30 రూపాయలు మిగిలాయని సంతోషించే విషయం కాదది. పేరే లేదన్న మాట.

కాబట్టి మీ ఇంట్లో ఎవరు ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా, అది మీ ఉద్యోగమే అయినా సరే, డిసెంబరు జీతం చీటీ తెచ్చి చూడండి. కోత ఉంటే, ఆ డబ్బు మండలికి జమ అయిందా అని అడగండి. కోసుకుని కట్టకపోతే అది కార్మికుడి సొమ్ము తినడమే. కోతే లేకపోతే ఎందుకు లేదని అడగండి. దరఖాస్తు ఎప్పుడిస్తారో, ఏ చదువుకి ఎన్ని మార్కులుండాలో కార్మిక శాఖ కార్యాలయంలో కనుక్కోండి. మార్కుల జాబితాలు, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు ముందే తీసి పెట్టుకోండి. కార్మికుడేనని సంస్థ సంతకం చేసివ్వాలి కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగకండి. ఒక్కరే అడగడానికి జంకుగా ఉంటే నలుగురు కలిసి వెళ్లండి. సంఘం మీటింగులో అప్పుల లెక్క అయ్యాక పది నిమిషాలు ఈ మాట మాట్లాడుకోండి.

మా వదిన సంగతి అడుగుతారేమో. ఆ మర్నాడు భర్తతోపాటు యూనిట్ ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా "ఆ కాయితాలు ఎప్పుడొత్తాయో మాకేటి తెలుసమ్మా" అన్నాడట. "మీకు తెలీకపోతే తెలిసినోల్ల పేరు సెప్పండి, ఆల్లనే అడుగుతాను" అని అక్కడే బెంచీ మీద కూర్చుందట. గంట తర్వాత ఎవరో వచ్చి వివరాలు రాసిచ్చారు. దరఖాస్తు ఇంకా పెట్టాలి, వస్తుందో రాదో చూడాలి. పిల్ల మాత్రం ప్రస్తుతానికి కాలేజీలో చేరింది. వదిన తన చెవి దుద్దులు కుదువబెట్టింది.

మొన్న ఫోన్ చేసి, "వదినా, ఈసారి డిసెంబరు సీటీ నానే సూత్తాను" అంది.

మీరూ చూడండి.