ఎర్ర నీళ్ల బిల్లు ఎవరికి?

పెట్రోలు బంకు మూతపడినంత మాత్రాన దాని కింది మట్టి బాగుపడదు. పాతిన ట్యాంకుకు తుప్పుపట్టి ఏళ్ల తరబడి కారిన ఇంధనం నేలలోకి దిగుతుంది. నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భ జలాల మీద తెట్టులా పరుచుకుంటుంది. అందులోని బెంజీన్ నీటిలో కరిగి చుట్టుపక్కల బోర్లకు చేరుతుంది. అది క్యాన్సర్ కారకం. 2013లో చెన్నైలోని తండయార్‌పేటలో బోరు నీళ్లలో చమురు వచ్చినప్పుడు ఈ సంగతి నగరవాసులకు బాగానే తెలిసొచ్చింది. అయితే పెట్రోలుతో ఒక సౌలభ్యముంది. మట్టిలోని ఆవిరిని పంపులతో లాగేయొచ్చు. నీటిని తోడి బొగ్గు ఫిల్టర్ల గుండా పంపొచ్చు. ఆక్సిజన్ అందిస్తే మిగిలినదాన్ని మట్టిలోని బ్యాక్టీరియాయే తినేస్తుంది. ఖర్చూ కాలమూ పడతాయి గానీ పని అవుతుంది.

దంతెవాడలో నేలను, నీటిని పాడుచేస్తున్నది పెట్రోలు కాదు, ఇనుము. దాన్ని ఏ బ్యాక్టీరియా తిని మాయం చేయలేదు.

ఎద్దు మూపురంలా ఉంటుందని బైలదిల్లా అని పేరుపడిన కొండల్లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్ఎండీసీ) 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతోంది. కిరందుల్, బచేలి పట్టణాలు ఆ గనుల చుట్టూ పుట్టినవే. ఖనిజాన్ని కడిగినప్పుడు వచ్చే సన్నటి బురద, వ్యర్థాల గుట్టల నుంచి వానకు కొట్టుకొచ్చే ధూళి కలిసి శంఖిని నదిని ఎర్రబార్చాయి. ఆ నది దంతేశ్వరి ఆలయం దగ్గర డంకినితో కలుస్తుంది. ఇనుము విషం కాదు కదా అనొచ్చు. నిజమే. కానీ ఆ బురద పొలంలో పేరుకుని ఎండితే గట్టి పెచ్చు కడుతుంది, నీరు ఇంకదు, వేరుకు గాలి ఆడదు. నది అడుగున పేరుకుంటే చేపల గుడ్లు ఊపిరాడక పోతాయి. ఏటి నీళ్లే తాగే ఊరికి ఆ ఏరు లేనట్టే. 2024 జులైలో భారీ వర్షాలకు కొండ మీది ఎర్ర బురద కిరందుల్ ఇళ్లలోకే వచ్చిపడింది. దశాబ్దాలుగా కింది పల్లెలు పడుతున్న పాటు అప్పుడు గని పట్టణానికీ రుచి చూపింది.

ఎవరు బాగుచేయాలి? కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామం కేసులో 1996లోనే చెప్పింది. (ఆ డబ్బు కోసం వ్యాజ్యం 2011 దాకా సాగడం వేరే కథ.) అదే సూత్రంతో కేంద్రం 2025 జులైలో కలుషిత ప్రదేశాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాలను గుర్తించడం, పరీక్షించడం, బాధ్యుణ్ణి తేల్చి శుభ్రం చేయించడం అందులో ఉన్నాయి. కానీ గనుల తవ్వకం వల్ల వచ్చే కాలుష్యాన్ని సాధారణంగా వాటి పరిధి నుంచి తప్పించారు. గనులకు వేరే చట్టాలున్నాయన్నది అందుకు కారణం. ఆ చట్టాల్లోని గని మూసివేత ప్రణాళికల దృష్టి ప్రధానంగా లీజు హద్దుల్లోని భూమి మీదే. నది లీజు హద్దు దగ్గర ఆగదు. దేశంలో ఇనుముతో ఎర్రబారిన నదికి ఇంతకన్నా అనువుగా రాసిన మినహాయింపు దొరకదు.

ఇది పక్క రాష్ట్రం గొడవ అనుకోవడానికీ మనకు వీల్లేదు. ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఖనిజం కొత్తవలస రైలు మార్గంలో విశాఖ వస్తుంది. సొంత గనుల్లేని విశాఖ ఉక్కు కర్మాగారం బైలదిల్లా మీదే ఎక్కువగా ఆధారపడింది. ఇక శంఖిని, డంకినుల నీళ్లు ఇంద్రావతి గుండా గోదావరిలోకే చేరతాయి.

డబ్బు లేదనే సాకు కూడా చెల్లదు. 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధికి గనుల యజమానులు రాయల్టీలో వాటా చెల్లించాలి. అందులో కనీసం 60 శాతం తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యం వంటి ప్రాధాన్య రంగాలకు వెచ్చించాలని అప్పటి మార్గదర్శకాలే చెప్పాయి. పేరుకున్న బురద తీయించడం, వానాకాలానికి ముందే కొండ మీది చెక్ డ్యాములు పూడిక తీసి పటిష్ఠం చేయడం ఆ కోవలోకే వస్తాయి. ముందుగా చేయాల్సింది మరీ చిన్న పని. కిరందుల్ నుంచి దంతెవాడ దాకా శంఖిని ఒడ్డు పల్లెల్లో నీటిని, పొలాల మట్టిని పరీక్షించి, ఫలితాలను గోండీ, హల్బీ భాషల్లో పంచాయతీ గోడల మీద రాయించాలి. దానికి ఏ కొత్త నిబంధనా అక్కర్లేదు.