తుప్పు చెప్పే కథ

మొన్న మా అబ్బాయి అట్టతో చిన్న ఇనప ఫిరంగి చేసి వెండిరంగు పూశాడు. పెళ్ళి కానుకలా మెరిసింది! "పాతదిలా లేదేం, నాన్నా?" అని దిగులుపడ్డాడు.

అమ్మేద్దామని పెరట్లో పెట్టించిన మా నాన్నగారి మోట బొక్కెన చూపించాను. నీరు నిలిచిన అతుకుల్లో తుప్పు. తాడు ఒరిసిన చోట నున్నని అరుగుదల. వయసు అంతటా ఒక్కలా అంటదు. మా మనూరు పొరుగున బీదరులో బిద్రీ పాత్రలు చూడండి: కోటమట్టి, నవాసాగరం కలిపి పట్టిస్తే జస్తా పాత్ర నల్లబడుతుంది; పొదిగిన వెండి తెల్లగానే ఉంటుంది.

వాడు ఫిరంగికి నల్లరంగు వేసి, అతుకుల్లో ఇటుకపొడి కలిపిన గోధుమరంగు అద్ది, అంచులకు పెన్సిలు గుండ రుద్దాడు. ఫిరంగికి వయసొచ్చింది!

మర్నాడు పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. "తాతయ్య తాడు గుర్తులున్నాయి, ఇవ్వొద్దు నాన్నా" అన్నాడు మావాడు. బేరం మానుకున్నాను.