గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

కారులో సబ్‌వూఫర్ కాలిపోయిందంటే షాపువాళ్ల దగ్గర్నుంచి యజమాని దాకా అందరిదీ ఒకటే మాట: "ఆంప్ పెద్దదైపోయింది, వూఫర్ తట్టుకోలేదు." ఆ మాట నమ్మి ఈసారి చిన్న ఆంప్ కొంటారు. బేస్ చాలదనిపించి గెయిన్ చివరిదాకా తిప్పేస్తారు. కొత్త వూఫరూ కాలుతుంది. తప్పు ఆంప్ సైజుది కాదు, ఆ తిప్పిన చేతిది.

గెయిన్ ఉన్నది మోత పెంచడానికి కాదు. ఒక స్టీరియో 2 వోల్టుల సిగ్నల్ ఇస్తుంది, మరొకటి 4 ఇస్తుంది. వచ్చేదాన్ని బట్టి ఆంప్‌ను సర్దుకోవడానికే ఆ నాబ్. హద్దు దాటి తిప్పితే ఆంప్ ఇంకా పైకి పోలేక అల తలను నరికేస్తుంది. ఇదే క్లిప్పింగ్. పూర్తిగా నరికిన అలలో, అంతే ఎత్తున్న మంచి అలకు రెట్టింపు శక్తి ఉంటుంది. 250 వాట్ల చిన్న ఆంప్ కూడా అలా 500 దాకా పోయగలదు. 250 వాట్ల కాయిల్ ఆ వేడికి మాడక ఏం చేస్తుంది? పైగా బేస్ బూస్ట్! 6 డెసిబెల్స్ పెంచితే ఆ స్వరం దగ్గర నాలుగు రెట్ల శక్తి కావాలి, 12 పెంచితే పదహారు రెట్లు.

"మా చెవి చాలు, మీటరెందుకు" అంటారు కొందరు. తలుపుల్లోని స్పీకర్ల హోరులో వూఫర్ గరగర ఏ చెవికీ అందదు. అందేసరికి కాయిల్ వార్నిష్ మాడిన వాసన కూడా వస్తుంటుంది.

మీటరుతో గెయిన్ సరిగ్గా పెట్టడం పావుగంట పని. అట్ట మీద పెద్దక్షరాల్లో వేసిన మాక్స్ వాట్లు వదిలేసి ఆర్‌ఎంఎస్ (నిలకడగా నడిచే వాట్లు) చూడండి. ఆంప్‌ది, వూఫర్‌ది, రెండింట్లో ఏది తక్కువైతే అది తీసుకోండి. దాన్ని వూఫర్ ఓమ్‌లతో గుణించి వర్గమూలం కడితే వోల్టులు వస్తాయి. 400 వాట్లు, 4 ఓమ్‌లైతే 40. వూఫర్ వైర్లు విప్పి, బూస్టూ ఈక్వలైజరూ సున్నాలో పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతులో ఉంచి 50 హెర్ట్జ్ టోన్ వేయండి. ఏసీ వోల్టుల మీద పెట్టిన మల్టీమీటర్‌ను ఆంప్ స్పీకర్ టెర్మినల్స్‌కు తగిలించి, అది ఆ అంకె చూపేదాకా గెయిన్ మెల్లగా పెంచి, అక్కడ ఆపేయండి. తర్వాత స్టీరియోను ఆ ముప్పావు దాటించకండి.

పోర్టు ఉన్న బాక్సుకు మరో గండం ఉంది. దాని ట్యూనింగ్ కంటే కింది స్వరాల్లో కోన్‌ను పట్టి ఆపే గాలి ఉండదు, అదుపు తప్పి కొట్టుకుంటుంది. అలాంటి స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను ఆ ట్యూనింగ్‌కు కాస్త దిగువన పెట్టాలి.

ఈసారి షాపులో కారు తాళాలు తీసుకునే ముందు, మీటరు పెట్టి వోల్టులు చూపించమని అడగండి. చూపించందే డబ్బులివ్వకండి.