ఫోన్ చేతికిస్తే చరిత్ర వచ్చేస్తుందా?

"మావాడు రోజూ ఇస్లామిక్ హిస్టరీ చూస్తున్నాడు" అని మురిసిపోయే అమ్మలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం చూస్తున్నాడమ్మా అని అడిగితే, ఎర్తుగ్రుల్! టర్కీ వాళ్ళు 2014లో మొదలుపెట్టి 2019 దాకా నడిపిన సీరియల్ అది. ఉర్దూ డబ్బింగుతో మన ఇళ్ళలోకీ వచ్చేసింది. గుర్రాలు, కత్తులు, కుట్రలు... బాగానే ఉంటుంది, నేనూ చూశాను. కానీ అసలు ఎర్తుగ్రుల్ గురించి చరిత్రకారులకు తెలిసింది బహు తక్కువ. మిగతాదంతా సీరియల్ రచయితలు అల్లింది. ఆ సంగతి పిల్లాడికి ఎవరు చెప్పాలి? మనం వంటింట్లో, వాడు గదిలో తలుపేసుకుని!

అలాగని "బొమ్మలే వద్దు, పుస్తకం బట్టీ పట్టించండి" అనే ఖాలాలతోనూ నాకు పేచీయే. ఖలీఫాల పేర్లు, సంవత్సరాలు వల్లె వేసిన పిల్లలు పరీక్ష అయిన మర్నాటికి మర్చిపోతారు. బొమ్మ కావాలి, పక్కన మనమూ ఉండాలి.

1976లో ముస్తఫా అక్కాద్ తీసిన 'ది మెసేజ్' సినిమా ఉంది. అందులో ప్రవక్త (స) కనిపించరు, గొంతూ వినిపించదు. ఎదుటివాళ్ళు కెమెరా వైపు చూసి మాట్లాడతారు. "అమ్మీ, వీళ్ళు ఎవరితో మాట్లాడుతున్నారు?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అక్కడ సినిమా ఆపండి. ఆయన రూపం ఎందుకు చూపించలేదో తీరిగ్గా చెప్పండి. కూర తర్వాత వండుకోవచ్చు. ఉహుద్ యుద్ధంలో హమ్జా (రజి) మరణం మాత్రం చిన్నపిల్లలు తట్టుకోలేరు, ఆ భాగం దాటేయండి.

అన్నట్టు, మన పిల్లల వీడియోల్లో ఎంతసేపూ యుద్ధాలేనా? వెయ్యేళ్ళ క్రితం బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ ఏ కత్తీ పట్టలేదు. చీకటి గదిలోకి సన్నటి రంధ్రం గుండా వెలుతురు ఎలా వస్తుందో పరీక్షించి చూశాడు. 'కితాబుల్ మనాజిర్' అని కాంతి మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఇది చూపించడానికి డేటా కూడా ఖర్చు కాదు. ఖాళీ చెప్పుల డబ్బాకి ఒక పక్క గుండుసూదితో రంధ్రం పెట్టండి. ఎదురు పక్క కత్తిరించి నూనె రాసిన కాగితం అంటించండి. తల మీద దుప్పటి కప్పుకుని, రంధ్రాన్ని ఎండగా ఉన్న వీధి వైపు తిప్పితే, కాగితం మీద వీధంతా తలకిందులుగా కనిపిస్తుంది. రంధ్రం మాత్రం పెద్దది చేయకండి, బొమ్మ మసకబారుతుంది.