కృష్ణగిరి కొండ: ఎక్కినవారూ, ఎక్కనివారూ

హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులో పోయే మనవాళ్ళలో ఆ కొండను చూడనివారు ఉండరు. సూళగిరి దాటి, దారి పల్లానికి దిగి, ఊరు దగ్గరపడేసరికి నల్లని బండకొండ ఒకటి, తలమీద గోడల ఆనవాళ్ళతో, కనబడుతుంది. "అదిగో కోట" అని పిల్లలకు చూపించి, సామాను సర్దుకుని దిగిపోతాము. పెండ్లికో, కలెక్టరు కచేరిలో పనికో, మామిడికాయల బేరానికో వచ్చినవారికి కొండ ఎక్కే తీరిక ఎక్కడిది? ఆ కొండ నీడనే కాపురం చేస్తూ, మనుమలను ఎత్తుకుని, ఒక్కసారి అయినా పైకి పోనివారు మన సంఘంలోనే ఉన్నారు. వారి మనుమలు కొందరు ఉద్యోగాల మీద మలేసియాకు పోయి కినబాలు పర్వతం ఎక్కి ఫోటోలు పంపిస్తున్నారు. సంతోషమే. కినబాలు నాలుగువేల మీటర్లు దాటిన కొండ. దాని పక్కన మనది గుండ్రాయి. అయితే అక్కడి రాళ్ళను ఏమేమంటారో చెప్పే అవ్వ ఆ పిల్లల వెంట లేదు.

ఈ మాట ఎందుకు వచ్చిందంటే, పోయిన చలికాలంలో సంఘం కుటుంబాలు కొన్ని కలిసి కృష్ణగిరి కొండకు ఒక పగటి ప్రయాణం పెట్టుకున్నవి. ఇరవైఎనిమిది మందిమి. అందరిలోకీ చిన్న పిల్లకు ఏడేండ్లు, అందరిలోకీ పెద్ద అవ్వకు డెబ్బైమూడు. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగాలు చేసే కుర్రవాళ్ళు అయిదారుగురు ఉన్నారు. వారు ప్రతి శని ఆదివారాలలో ఏదో ఒక కొండ ఎక్కేవారు. ఎన్ని నిమిషాలలో ఎక్కామన్నది చేతి గడియారంలో చూసుకుంటారు. ఎవరు ముందు నడవాలి అన్న తగవు బస్సులోనే మొదలయింది. "చేతనయినవాళ్ళం ముందు పోయి, పైన చోటు చూసి, సద్ది సిద్ధం చేసి ఉంచుతాం" అన్నారు కుర్రవాళ్ళు. వినటానికి బాగానే ఉన్నది. నీళ్ళ సంచులూ సద్ది మూటలూ బరువు గనుక వారే భుజాన వేసుకున్నారు. పెద్దవాళ్ళు దీవించి పంపించారు.

కొండదారి పాతపేట వైపు నుంచి ఉన్నది. కొంతదూరం మెట్లు, కొంతదూరం ఒట్టి బండ. పైన సయ్యద్ పాషా దర్గా ఉన్నందున ఊళ్ళో దానికి సయ్యద్ పాషా కొండ అనే పేరే వాడుక. కోట కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో ఉన్నది. చలికాలమయినా తొమ్మిది గంటలు దాటితే బండ కాలుతుంది. తెల్లవారుతూనే కాలు పెట్టటం మేలు.

మొదటి మలుపులో అందరం ఆగినప్పుడు, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరు పిల్లలకు కోట కథ చెప్పారు. పరీక్షకు రాని చరిత్ర గనుక కాబోలు, పిల్లలు శ్రద్ధగా విన్నారు. కృష్ణదేవరాయలు కట్టించాడు గనుక కృష్ణగిరి అయిందని పెద్దలు చెప్పుకునే మాట. చరిత్రకు గట్టిగా అందే పేరు జగదేవరాయలది. 1589లో గోల్కొండవారు పెనుగొండను ముట్టడించినప్పుడు దానిని నిలబెట్టినందుకు విజయనగర ప్రభువు ఆయనకు ఈ బారామహలు సీమను ఇచ్చాడు. పన్నెండు కోటల సీమ అని దానికి పేరు. కృష్ణగిరి, జగదేవి, మహారాజగడ ఆ లెక్కలోనివే. తరువాత బిజాపురంవారు, ఆ తరువాత మైసూరువారు.

ఇంగ్లీషువారికీ హైదరాలీకీ జరిగిన మొదటి యుద్ధంలో, 1768లో, ఈ కోట ఇంగ్లీషువారికి లొంగింది. ఎక్కి గెలిచి కాదు, చుట్టూ దారులు కట్టి కూర్చుని. టిప్పు నాటికి మళ్ళీ మైసూరు చేతిలోనే ఉన్నది. 1791 నవంబరు 7వ తేదీ రాత్రి కర్నల్ మాక్స్‌వెల్ దండు కింది కోటనూ పేటనూ పట్టుకుని, పారిపోయేవారి వెనుకనే పై వాకిలి దాకా ఎగబ్రాకింది. పైనున్నవారు బండరాళ్ళు దొర్లించారు. నిచ్చెనలు విరిగిపోయినవి, మనుషులు నలిగిపోయినారు, దండు వెనక్కి తిరిగింది. మరుసటి ఏడు శ్రీరంగపట్టణం ఒడంబడికలో బారామహలంతా కాగితం మీదనే కుంఫిణీకి పోయింది. "ఆ రాళ్ళు ఏవి?" అని అడిగాడొక పిల్లవాడు. పంతులుగారు చేయి చాపి చుట్టూ చూపించారు. పిల్లలు కూర్చున్నది వాటి మీదనే.

అక్కడి నుంచి బయలుదేరేటప్పటికి కుర్రవాళ్ళు కనుచూపు దాటిపోయినారు. సగం దారిలో, అరవై దాటిన ఒక పెద్దమనిషి మాట తడబడటం మొదలయింది. ముఖమంతా చెమట, చేతులు వణుకుతున్నవి. "ఏం పెదనాయనా?" అంటే "ఏమీ లేదు, పదండి" అంటారు; కాని కాలు పడటం లేదు. ఆయనకు చక్కెర జబ్బు. ఎప్పటిలాగే పొద్దున్నే ఇన్సులిను సూది వేసుకున్నారు. పైకి పోయి అందరితో కలిసి తిందామని ఫలహారం మానుకున్నారు. సూదిమందు ఒంట్లోకి పోయి అన్నం పోకపోతే, పైగా కొండ ఎక్కితే, రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. ఎక్కువయిన చక్కెర ఏండ్లమీద చేసే కీడును, పడిపోయిన చక్కెర గడియలో చేస్తుంది. కావలసింది ఒక పిడికెడు తీపి. అన్నమూ నీళ్ళూ కొండ కొసన కుర్రవాళ్ళ దగ్గర ఉన్నవి. కేకవేస్తే వినబడలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

అప్పుడు అవ్వ తన కొంగుముడి విప్పింది. అందులో బెల్లం గడ్డ ఉన్నది. దూరం నడిచేటప్పుడు బెల్లం లేకుండా వాకిలి దాటకూడదని ఆమె తల్లినాడు నేర్పిన అలవాటు. పదకొండేండ్ల మనుమరాలి బడి సీసాలో నీళ్ళు ఉన్నవి. మనిషికి స్మారకం ఉన్నది, మింగగలడు గనుక ఇద్దరూ కలిసి ఆయన చేత కొంచెం కొంచెంగా తినిపించి తాగించారు. (స్మారకం తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు, అప్పుడు వైద్యుడే గతి.) పావుగంటకు ఆయన మనలోకం వచ్చి, "ఎందుకమ్మా అందరూ నన్నే చూస్తున్నారు?" అన్నారు. తరువాత కుర్రవాడొకడు పరుగున దిగివచ్చి చిత్రాన్నం మూట తెచ్చాడు. తిన్న తరువాత ఆయన పైకి వస్తానని పట్టుబట్టారు. మేము ఒప్పుకోలేదు. ఇద్దరు తోడు ఉండి కిందికి దించి ఆసుపత్రిలో చూపించారు. సాయంత్రానికి మాతోపాటే బస్సెక్కారు.

కుర్రవాళ్ళను ఎవరూ తిట్టలేదు. వాళ్ళ ముఖాలు చూస్తే తిట్టబుద్ధి పుట్టలేదు. కాని వరుస మారింది. అవ్వ ముందు, ఆమె అడుగును బట్టి తక్కినవారు, చిట్టచివర గట్టివాళ్ళిద్దరు. నీళ్ళు ప్రతివారి భుజానా ఉన్నవి.

ఆ వరుసవల్ల మరొక లాభం కలిగింది. అవ్వ వెనుక నడిచే పిల్లలకు అవ్వ మాటలు వినబడటం మొదలయింది. ఒక మలుపులో రాతి గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నవి. "అదిగో పాండ్" అన్నాడొకడు. "పాండేమిరా అబ్బోడా, దొన" అన్నది అవ్వ. మనుషులు తవ్వింది కుంట. బండమీద దానంతటదే ఏర్పడి వాననీరు పట్టింది దొన. దానిని చూస్తే కోటవారు పైన ఎట్లా బ్రతికారో తెలిసింది. (ఇప్పుడా నీళ్ళు తాగరాదు, పాచీ, ప్లాస్టిక్కు సంచులూ.) చాపలాగా పరచుకున్న బండ పరుపుబండ. ఒంటిగా నిలిచింది గుండు. రాయి చీలితే నెర్రె. మనిషి దూరి కూర్చునేంత చోటుంటే గవి. రెండు కొండల నడుమ దారి ఉంటే కనుమ. చెట్టూచేమలలో తంగేడు, బలుసు, సీతాఫలం పిల్లలు గుర్తుపట్టారు. తక్కినవాటికి అవ్వే దిక్కు. పెద్దబండ కింద తేనెపట్టు వేలాడుతుంటే ఎవరూ గట్టిగా మాట్లాడవద్దనీ, రాయి విసరవద్దనీ ఆమే హెచ్చరించింది.

2006 నాటి చట్టం తరువాత మన పిల్లలు బడిలో తమిళం తప్పనిసరిగా చదువుతున్నారు. చదవవలసిందే, ఇక్కడ బ్రతికేవారికి తమిళం రాకుండా ఎట్లా? తెలుగు గంట ఉన్న బళ్ళలోనూ 'దొన' అన్న మాట పాఠంలోకి రాదు. అది పుస్తకంలో ఉండే తెలుగు కాదు, ఈ రాళ్ళమీద ఉండే తెలుగు. మనం ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ తెలుగు నాటుకున్నవాళ్ళము కాము. రాష్ట్రాల గీతలు గీసినప్పుడు ఇటుపక్క ఉండిపోయినాము, అంతే. ఈ మాటలు తెలిసిన అవ్వలు ఇంకా కొద్దిమందే ఉన్నారు. ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి "అవ్వా, మాటలు చెప్పు" అంటే వారికి ఒక్కటీ గుర్తుకురాదు. దొన కనబడితేనే దొన అన్న మాట నోటికి వస్తుంది.

పైన గాలి బాగా ఉన్నది. కూలిన గోడలమీద కూర్చుని చూస్తే చుట్టూ మామిడితోపులు, కింద కాశ్మీరు నుంచి కన్యాకుమారికి పోయే రహదారి, దానిమీద చీమలబారులాగా లారీలు. ధర్మపురి వైపు 1957లో కామరాజ్ నాడారు ప్రారంభించిన ఆనకట్ట. దాని నీళ్ళు దక్షిణ పినాకినివి. నెల్లూరు దాటి సముద్రంలో కలిసే పెన్న ఉత్తర పినాకిని. రెండూ నంది కొండల సీమలోనే పుట్టి, ఒకటి అటు, ఒకటి ఇటు పోయినవి. నెల్లూరు కోడలొకామె ఈ మాట విని, "అయితే ఇది మా ఊరి ఏటికి చెల్లెలా!" అని చాలాసేపు అటే చూస్తూ నిలుచున్నది.

పంతులుగారు అక్కడ మన్రో దొరను తలచుకున్నారు. 1792లో కుంఫిణీవారు ఈ సీమకు కలెక్టరుగా పంపిన కాప్టెన్ రీడుకు థామస్ మన్రో సహాయకుడు. రైతు పేరననే పొలం లెక్క కట్టే పద్ధతిని వారు ఇక్కడనే మొదలుపెట్టారు. ఏడేండ్లు ఇక్కడ పని నేర్చుకున్న తరువాతనే మన్రో దత్తమండలాలకు పోయి రాయలసీమ రైతుల నోట నిలిచాడు. పిల్లలు అప్పటికి చిత్రాన్నంలో పడ్డారు గనుక ఈ కథ పెద్దలకే చెందింది.

దిగటం ఎక్కటంకన్న కష్టం. మోకాళ్ళకు ఆ సంగతి మరుసటి రోజున తెలిసింది.

సంక్రాంతి తరువాత రాయకోట కొండకు పోదామని అనుకుంటున్నారు. 1792లో డేనియల్ అనే చిత్రకారులు, పినతండ్రీ అన్నకొడుకూ, ఈ సీమలో తిరిగి ఆ కొండను గీసుకుపోగా, ఆ బొమ్మ లండనులో అచ్చయింది. ఆ బొమ్మ నకలు ఒకటి సంపాదించి, వారు ఎక్కడ నిలబడి గీశారో పిల్లల చేత వెదికించాలని పంతులుగారి కోరిక. వచ్చేవారు ఇంటివద్దనే ఫలహారం చేసి బయలుదేరవలెను. చక్కెర జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని అడిగి, ఆ సంగతి వెంట నడిచేవారికి కూడా చెప్పవలెను. తలకు గుడ్డ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. బెల్లం అవ్వ తెస్తానన్నది. అయినా ఎవరిది వారు తెచ్చుకోండి. కుర్రవాళ్ళు మళ్ళీ వస్తున్నారు, సంచులు మోయటానికీ, చివర నడవటానికీ ఒప్పుకున్నారు. ఆ పెద్దమనిషి కూడా పేరిచ్చారు.